స్కలాకి రేవులో స్నానాల లెక్క

మెలిద్రా ద్వీపం, పురపాలక కార్యాలయం,
తీర వ్యవహారాల విభాగం.
అక్టోబరు 4. లేఖ సంఖ్య: 1 (కుటుంబ)

గౌరవనీయురాలైన సోదరి కల్లిరోయి గారికి,

ముందుగా పద్ధతి గురించి నాలుగు మాటలు. ప్రభుత్వ సేవలో ఇరవై ఆరేళ్లు గడిపిన ఉద్యోగికీ, అతని సొంత అక్కకూ మధ్య సాగే ఉత్తర ప్రత్యుత్తరాలకు సైతం ఒక క్రమం ఉండాలి. ప్రతి లేఖకూ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు రిజిస్టరులో ఒక గడి, ఆ రిజిస్టరుకు ఒక బీరువా, ఆ బీరువాకు ఒక తాళం ఉండాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో మాత్రం ఎవరికీ తెలియకూడదు. టెలిఫోనులో మాట్లాడుకున్న మాటలు ఈ విభాగం దృష్టిలో మాట్లాడుకున్నవి కావు. కనుక మొన్న మధ్యాహ్నం ఏథెన్స్ నుంచి ఫోను చేసి నువ్వు నన్ను “గాడిదా” అని పిలిచిన సంగతి రికార్డులో లేదు. ఆ అభిప్రాయం ఇంకా మారకపోతే లిఖితపూర్వకంగా పంపవచ్చు.

విషయం: స్కలాకి రేవు.

జిల్లా తీర కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. దీవిలో ప్రజలు సముద్రస్నానం చేసే చోట్లన్నీ పేరుతో, కొలతతో, ఈ వేసవిలో జరిగిన స్నానాల సంఖ్యతో సహా తెలపాలట. ఎక్కువ స్నానాలు జరిగే చోట్లపై ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధ వహిస్తుందని మూడో పేజీ చివర స్పష్టంగా ఉంది. నాలుగో పేజీ ఇంకా రాలేదు. గాలికి ఓడలు ఆగిపోయాయి. అయితే మూడు పేజీలు చదివినవాడికి నాలుగోదాంతో పని ఉండదన్నది నా వృత్తిపరమైన అభిప్రాయం.

స్కలాకిలో నీ స్నానాల సంఖ్యను తెలియజేసి, సంతకం చేసి పంపగలవు. తుంటి ఎలా ఉంది?

ఇట్లు, నీ విధేయుడైన తమ్ముడు,
ఇయోర్దానిస్, కార్యదర్శి


ఏథెన్స్, కిప్సెలి పేట,
పిన్ని కూతురి ఇల్లు. అక్టోబరు 15.

తమ్ముడికి,

సంఖ్య వేయలేదు, నువ్వే వేసుకో. ఫోనులో అన్నమాట మీద నిలబడి ఉన్నాను. ఇప్పుడది లిఖితపూర్వకం.

తుంటి కొత్తది. పాతదాని కన్నా బరువుగా ఉంది, మర్యాద తక్కువ. ఆపరేషన్ చేసిన డాక్టరుకు గడ్డం ఇంకా సరిగా మొలవలేదు. నిన్న వచ్చి, “అమ్మా, జూన్ నుంచి రోజూ సముద్రంలోకి దిగాలి. మెట్లూ, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నచోటే దిగాలి. ఇసుకలోగానీ గులకరాళ్ల మీదగానీ కాలు పెట్టారంటే మళ్లీ నా దగ్గరికే వస్తారు,” అన్నాడు.

“మీ ముఖం చూడ్డానికి అంత దూరం రాను నాయనా,” అన్నాను.

అప్పటినుంచీ మంచంలో పడుకుని మన దీవిలోని పదకొండు చోట్లనూ ఒక్కొక్కటిగా కొట్టేస్తున్నాను. పెద్దఇసుకలో ఎండకు పడుకునేవాళ్ల కోసం మంథోస్ అద్దెకు వేసిన మంచాల వరసల వెనక నుంచి సముద్రం వినిపిస్తుందే తప్ప కనిపించదు. ఎర్రరాయికి మేకలు దిగుతాయి, నేను దిగను. ఉత్తరపు ఒడ్డున విదేశీయులు బట్టలు లేకుండా తిరుగుతారు. అక్కడికి పోవాలంటే తుంటి ఒక్కటే మార్చుకుంటే చాలదు. చివరికి ఏడు మెట్లూ, ఇనుప కమ్మీ ఉన్నది స్కలాకి ఒక్కటే మిగిలింది. అది లేకపోతే నేను పిన్ని కూతురి బాత్‌రూములో టోపీ పెట్టుకుని నిలబడాలి.

ప్రభుత్వం శ్రద్ధ వహిస్తుందంటే నాకు భయం. పోయినసారి శ్రద్ధ వహించినప్పుడు బడికి పైకప్పు పోయింది. అయినా రాసుకో: సెప్టెంబరు ఇరవై వరకు నూట ఎనభై నాలుగు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, కూడిక తప్పదు.

అర్గిరో ఎంత చెప్పిందో వెంటనే తెలియజెయ్యి.

అక్క


మెలిద్రా. నవంబరు 2.
లేఖ సంఖ్య: 2 (కుటుంబ)

గౌరవనీయురాలైన అక్కగారికి,

వాంగ్మూలాల సేకరణ పూర్తయింది. ఆ విధానాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

స్కలాకి స్నానకర్తలను కార్యాలయానికి రమ్మని నోటీసు ఇచ్చాను. వారు రాలేదు. సముద్రం చల్లబడేలోగా మాటలు ముగించాలని జవాబు పంపారు. కనుక విభాగమే కదిలింది. నేను బూట్లతో రెండో మెట్టు మీద నిలబడ్డాను. నీటిపైన ఐదు గడ్డి టోపీలు ఉన్నాయి. టోపీల కింద రొట్టెల దుకాణం అర్గిరో, మందుల షాపు స్తమాతియా, చర్చి గురువుగారి భార్య జాఫిరో, పోస్టాఫీసు అక్కాచెల్లెళ్లు ఉన్నట్టు గొంతులను బట్టి నిర్ధారించుకున్నాను.

“కల్లిరోయి ఎంత చెప్పింది?” అని అడిగింది అర్గిరో.

“అది గోప్యం అమ్మా.”

“గోప్యమైతే ఆ కాగితం ఇటు తిప్పు. నేనే చూసుకుంటాను.”

“నూట ఎనభై నాలుగు.”

“అయితే నాకు నూట తొంభై ఒకటి.”

“అయితే ఏమిటమ్మా?”

“అయితే అంటే అయితే. రాయవయ్యా, నీళ్లలో ఉన్నాను.”

స్తమాతియా రెండువందల మూడు చెప్పింది. “పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఊరందరికీ రెండు పూటలా అని చీటీ రాసిచ్చేదాన్ని, నేను చెయ్యనా?”

“సాయంత్రం నువ్వు షాపులో ఉంటావు కదే,” అంది అర్గిరో.

“షాపు మూసి వస్తాను.”

“అప్పటికి సముద్రం కూడా మూసేస్తారే.”

జాఫిరో అబద్ధమాడదు కనుక నూట అరవై చెప్పి, అందులో మూడు వానలో తడిసినవని తానే ఒప్పుకుంది. అక్కాచెల్లెళ్లు, “అర్గిరో కన్నా పది తక్కువ వెయ్యి బాబూ, రేపు రొట్టె కొనుక్కోవాలి,” అన్నారు. ఒక్కొక్కరికి నూట ఎనభై ఒకటి వేశాను.

నీతో కలిపి పదకొండు వందలు. తొమ్మిది మీటర్ల వెడల్పున్న రేవుకు ఇది గర్వకారణం. ముద్ర రెండుసార్లు వేశాను.

ఇయోర్దానిస్


ఏథెన్స్. నవంబరు 11.

తమ్ముడూ,

సవరణ. నాకు రెండువందల ఇరవై ఆరు. సాయంత్రపు స్నానాలు కలపడం మరిచాను. మత్తుమందు ఇచ్చినవాళ్లకు మరుపు సహజమని డాక్టరు కూడా అన్నాడు.

స్నానమంటే ఏమిటో ఆ రేవులో నిర్ణయించింది నేను. నీరు భుజాలు దాటాలి. మోకాళ్ల వరకు తడిస్తే అది కాళ్లు కడుక్కోవడం. బయటికొచ్చి ఒళ్లు పూర్తిగా ఆరాక మళ్లీ దిగితే రెండోది. స్తమాతియా ఆరకుండానే దిగుతుంది, ఇది అందరూ చూశారు. ఆవిడ లెక్కలో సగం తీసెయ్యాలి. నువ్వు తియ్యలేవు, నీకు ఆవిడ దగ్గర రక్తపోటు మాత్రలు కావాలి. కనీసం నాది పెంచు.

అక్క


మెలిద్రా. నవంబరు 24.
లేఖ సంఖ్య: 3 (కుటుంబ)

అక్కగారికి,

నీ సవరణను నమోదు చేశాను. నమోదు చేసే సమయంలో అర్గిరో కార్యాలయానికి రొట్టె ఇవ్వడానికి వచ్చి, రిజిస్టరును తలకిందులుగా చదివింది. ఆ సామర్థ్యం ఆవిడకు ఉన్నట్టు నాకు తెలియదు. ఫలితంగా అర్గిరో రెండువందల ముప్పై ఒకటి, స్తమాతియా రెండువందల నలభై. మొత్తం వెయ్యిన్నీ రెండువందల పంతొమ్మిది. ఫైలు నిన్నటి ఓడలో వెళ్లిపోయింది.

ఇయోర్దానిస్


మెలిద్రా. జనవరి 20.
లేఖ సంఖ్య: 4 (కుటుంబ), అత్యవసరం

అక్కా,

నాలుగో పేజీ వచ్చింది.

దాని సారాంశం ఇది. ఏడాదికి యాభైకి తక్కువ స్నానాలు జరిగే చోటు స్నానస్థలం కాదు, అది రాయి. రాయి మీద ఏదీ కట్టరాదు, రాయిని ఎవరికీ కేటాయించరాదు, రాయి నుంచి ఏదీ తొలగించరాదు. యాభై దాటితే అది స్నానస్థలం. దానిని అభివృద్ధి చేయాలి. మూడో పేజీలోని శ్రద్ధకు అర్థం ఇదట.

మన అంకెలను తొమ్మిది మీటర్లతో భాగించి, స్కలాకి ఈ జిల్లాలోకెల్లా జనం కిక్కిరిసిన తీరమని తేల్చారు. పెద్దఇసుక రెండో స్థానంలో ఉంది. మెట్లు పగలగొట్టి, కమ్మీ పీకేసి, ఆ చోట కాంటీను కడతారు. నీటి దాకా పడవలో తెచ్చిన ఇసుక పోస్తారు. నలభై మంచాలు వేస్తారు. మంచాలున్నవాడు దీవిలో ఒక్కడే కనుక రేవు మంథోస్‌కు వెళుతుంది.

వాడిని పిలిచి అడిగాను.

“బాబాయ్, ఒట్టు, ఆ కంత నాకెప్పుడూ వద్దు. అక్కడ నా మంచం అడ్డంగా కూడా పట్టదు. కానీ పన్నెండు వందల స్నానాలని మీరే ముద్రేసి పంపారు. మనిషన్నవాడు వదులుకుంటాడా?”

“అవి ఆరుగురు ముసలమ్మలవిరా.”

“ఆరుగురే పన్నెండు వందలు చేస్తే, బాబాయ్, మంచాలు వేశాక ఎన్ని చేస్తారో ఆలోచించండి.”

ఒక్కటే మార్గం మిగిలింది. మార్చి పదిహేనున విచారణ. వాంగ్మూలం ఇచ్చినవారు తమ అంకెలను బహిరంగంగా, ఊరి ముందు, గట్టిగా చదివి తగ్గించుకోవచ్చు. రానివారి తరఫున కార్యదర్శి చదవవచ్చు. ఆరుగురివీ కలిపి యాభైకి లోపు రావాలి.

ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పాను. అర్గిరో పిండి చేతులతో నన్ను ఎగాదిగా చూసింది. “కల్లిరోయి రెండువందల ఇరవై ఆరు మీద కూర్చుని ఉంటే నేను ఎనిమిదికి దిగాలా? ఊరంతా వింటుండగా? ముందు ఆవిణ్ణి దిగమను.”

మిగిలినవారు, “అర్గిరో దిగితే చూద్దాం,” అన్నారు. నేను నాలుగో పేజీ లేకుండా ఫైలు పంపాను. ఈ వాక్యాన్ని ఎలా ముగించాలో ఏ నియమావళిలోనూ లేదు.

ఇయోర్దానిస్


ఏథెన్స్. ఫిబ్రవరి 3.

ఇయోర్దానిస్,

దీనికి సంఖ్య వెయ్యకు.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మొదటి మూడు రోజులూ నిన్ను తిట్టాను. తర్వాత అర్గిరోను. తర్వాత తిట్టడానికి ఇంట్లో పిన్ని కూతురు తప్ప ఎవరూ మిగల్లేదు, ఆవిడ సూప్ పెడుతోంది.

ముందు ఆవిణ్ణి దిగమను అంది కదా. దిగుతున్నాను.

మూడేళ్లుగా నేను స్కలాకిలో ఒక్క స్నానం కూడా చెయ్యలేదు. తుంటి మూడో మెట్టు దాకా రానిచ్చేది, నాలుగోది దిగనిచ్చేది కాదు. మూడో మెట్టు మీద కూర్చుంటే నీళ్లు మోకాళ్లకు వచ్చేవి. అక్కడే టోపీ పెట్టుకుని కూర్చుని, వాళ్లతో పాటు అరిచి, వాళ్లతో పాటు లేచి, ఇంటికొచ్చి కేలండర్ మీద గీత గీసేదాన్ని. ఎందుకు గీశానని అడగకు. గీయకపోతే ఆ రోజు పొద్దున నేను ఎక్కడికి వెళ్లినట్టు?

నా నిర్వచనం ప్రకారమే అవి కాళ్లు కడుక్కోవడాలు. కాబట్టి నువ్వు నా కోసం అబద్ధమేమీ చదవనక్కర్లేదు. దీని కింద సంతకం చేసిన కాగితం ఉంది. గట్టిగా చదువు. నువ్వు గొణుగుతావు, చిన్నప్పట్నుంచీ అంతే.

అక్క


మెలిద్రా. మార్చి 16.
లేఖ సంఖ్య: 5 (కుటుంబ)

గౌరవనీయురాలైన అక్కకు,

విచారణ నివేదిక.

జిల్లా తీర అధికారి ఓడలో కడుపు తిప్పిన ముఖంతో వచ్చి అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. హాలు నిండింది. మంథోస్ మొదటి వరసలో కూర్చుని, కాంటీను బొమ్మ ఒళ్లో పెట్టుకున్నాడు.

నేను లేచి చదివాను. “కల్లిరోయి అనే నేను, నలభై ఏళ్లు లెక్కల ఉపాధ్యాయినిగా పనిచేసి, స్కలాకి రేవులో గత మూడేళ్లలో చేసిన స్నానాల సంఖ్య: సున్న.”

గొణగలేదు.

నీ దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లు అక్కడ సగం మంది ఉన్నారు. అర్గిరో లేచింది.

“ఆవిడకు సున్న అయితే, నేను రెండువందల ముప్పై ఒకటితో ఎవరి మీద గెలిచినట్టు?” అని అధికారిని అడిగింది.

“ఆ ప్రశ్న ఈ విచారణ పరిధిలోకి రాదమ్మా.”

“రాకపోతే నాకూ సున్న రాయండి.”

ఆ తర్వాత జరిగిన పోటీ ఈ దీవి చరిత్రలో లేదు. స్తమాతియా లేచి, “నాకు చిన్నప్పట్నుంచీ నీళ్లంటే భయం,” అంది.

“మరి రెండువందల నలభై అని సంతకం చేశారు?” అన్నారు అధికారి.

“మాత్రలు వేసుకుని ఉన్నాను.”

“ఏం మాత్రలు?”

“నేనే ఇచ్చుకున్నాను, నాకు చెప్పలేదు.”

పోస్టాఫీసు అక్కాచెల్లెళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. తాము పుట్టినప్పటినుంచీ ఇల్లూ, పోస్టాఫీసూ తప్ప ఎరగమనీ, సముద్రం ఎటువైపు ఉందో ఎవరైనా చూపిస్తే సంతోషమనీ అన్నారు. ఆ సమయంలో వారి వెనక కిటికీ నిండా సముద్రమే ఉంది.

అధికారి పొద్దున రేవును చూసి వచ్చారట. “ఎవరూ దిగకపోతే ఆ కమ్మీ చేతులు పట్టుకున్నట్టు అంత నున్నగా ఎలా అరిగింది?”

“గాలికి,” అన్నారు నలుగురూ ఒకేసారి. గాలి సంగతి ఆయనకు ఓడలోనే అర్థమైంది కనుక అదే రాసుకున్నారు.

జాఫిరో మాత్రం ఇబ్బంది పెట్టింది. “నేను సున్న అనలేను. దేవుడు వింటాడు. మూడు రాయండి.”

“ఏ మూడు?”

“వానలో తడిసినవి.”

మొత్తం మూడు. స్కలాకి రాయి అయింది. మంథోస్ కాంటీను బొమ్మను చుట్టి చంకలో పెట్టుకుని, “బాబాయ్, ఇంతమంది పెద్దవాళ్లు ఇన్ని అబద్ధాలు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు,” అన్నాడు. ఏ అబద్ధాల గురించో, నవంబరువో మార్చివో, వాడు తేల్చలేదు.

ఇక రికార్డులో లేని సంగతి. బయటికి వచ్చాక అర్గిరో నన్ను గోడ పక్కకు లాగింది.

“మీ అక్కకు చెప్పు. మాకు తెలుసు. మూడేళ్లుగా తెలుసు. మేమంతా మెడ దాకా నీళ్లలో ఉంటే ఒక్క టోపీ అంత ఎత్తున ఉంటే కనబడదా? ఆవిడ లెక్క మేమూ వేస్తున్నాం. ఒంట్లో బాగాలేక రాని రోజు కూడా వేశాం. నూట ఎనభై నాలుగు కాదు, నూట తొంభై. అందుకే నూట తొంభై ఒకటి అన్నాను.”

తప్పుడు గణాంకాలు పంపినందుకు నాకు శిక్ష పడింది. మే నుంచి మూడు నెలలు జిల్లా తీర కార్యాలయంలో పనిచేయాలి. అక్కడ ఇతర దీవుల కార్యదర్శులకు గణాంకాలు నేర్పాలి.

ఇయోర్దానిస్


మెలిద్రా. జూన్ 12.

జిల్లా కేంద్రంలోని మహోపాధ్యాయుడైన తమ్ముడికి,

నిన్న దిగాను.

ఐదుగురూ అప్పటికే నీళ్లలో ఉన్నారు. నేను కమ్మీ పట్టుకుని మూడో మెట్టు దాకా వచ్చి ఆగాను. ఎవరూ నా వైపు చూడలేదు. అంత శ్రద్ధగా చూడకపోవడం నేను బళ్లో పరీక్షలప్పుడు తప్ప ఎక్కడా చూడలేదు. నాలుగో మెట్టు, ఐదు, ఆరు, ఏడు. నీళ్లు భుజాలు దాటాయి. చల్లగా ఉన్నాయి తమ్ముడూ. కొత్త తుంటికి బరువే లేదు.

స్తమాతియా ఆగలేక, “ఒక—” అంది.

“నోరు ముయ్యి,” అంది అర్గిరో. “మంథోస్ ఒడ్డున ఉన్నాడు.”

ఉన్నాడు. నోటుబుక్కుతో ఉన్నాడు. “ఏం అత్తా, స్నానమా?”

“కాదు నాయనా, నిలబడ్డాం,” అన్నాను.

“నీళ్లలోనా?”

“నీళ్లు వచ్చి మా చుట్టూ నిలబడ్డాయి. వాటిని అడుగు.”

రాసుకున్నాడు. రోజుకు ఆరుగురు చొప్పున తొమ్మిది రోజుల్లో యాభై దాటుతుందనీ, ఫొటోలతో సహా జిల్లాకు పంపుతాననీ చెప్పి వెళ్లాడు. కూడిక సరిగానే చేశాడు, నా దగ్గరే నేర్చుకున్నాడు.

వాడు వెళ్లేదాకా ఎవరూ కదల్లేదు. అర్గిరో నీళ్ల అడుగున నా చెయ్యి వెతికి పట్టుకుని, ఒక వేలు మడిచి వదిలేసింది. నాలుగేళ్లలో నా మొదటి స్నానం అది, దాన్ని ఎక్కడా రాసుకోవడానికి లేదు.

ఇప్పటికి ఒక రోజు అయింది. ఇంకా ఎనిమిది ఉన్నాయి. నువ్వు ఆ కార్యాలయంలోనే ఉన్నావు. జీవితంలో ఒక్కసారి ఉపయోగపడు.

అక్క


జిల్లా తీర కార్యాలయం.
జూన్ 17. లేఖ సంఖ్య: 6 (కుటుంబ), అనుబంధంతో

గౌరవనీయురాలైన అక్కగారికి,

ఇక్కడ నా బల్ల నియమావళుల గదిలో ఉంది. అధికారిగారు పది పేజీలు దాటిన దేనినైనా చదవకుండా సంతకం చేస్తారని మొదటి రోజే గ్రహించాను. స్కలాకి కోసం పదకొండు పేజీలు రాశాను. పది పేజీల నిండా కమ్మీకి వేయవలసిన రంగు గురించి ఉంది. పదకొండో పేజీని సంతకంతో, ముద్రతో ఇక్కడ జతపరుస్తున్నాను. రేవు దగ్గర గోడకు అతికించి, ఒక ప్రతి మంథోస్‌కు చేతికిచ్చి, రసీదు తీసుకోగలవు.

పదకొండో పేజీ. స్కలాకి అను రాయికి సంబంధించిన నియమము.

స్కలాకి రాయి వద్ద ఎవరును స్నానము చేయుట లేదు. ప్రతిదినము ఉదయము ఏడు గంటల నుండి పది గంటల వరకు భుజముల దాకా నీటిలో కనబడు వ్యక్తులు సముద్రము తగ్గువరకు వేచియున్నవారుగా భావించబడుదురు. సముద్రము తగ్గనిచో మరునాడు తిరిగి వచ్చి వేచియుండవలెను. వీరిని లెక్కించుట నిషిద్ధము. లెక్కించిన వ్యక్తి, ఆ లెక్కలోని స్నానములన్నియు తన మీదనే జరిగినట్లు ఒప్పుకొన్నవాడగును. అవి యాభై దాటినచో ఆ వ్యక్తినే స్నానస్థలముగా ప్రకటించి, అతనిపై ఇసుక పోసి, నలభై మంచములు వేసి, కాంటీను కట్టి అభివృద్ధి చేయవలెను. ఇదియే తుది నిర్ణయము. దీనిపై అప్పీలు లేదు.